నల్లులకు ఆసుపత్రి పెట్టిన ఊరు

సూరత్ అనగానే మనవాళ్లకు ముందు చీరలు గుర్తొస్తాయి, ఆ తర్వాత వజ్రాలు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు వాళ్లకైతే చుట్టాలే గుర్తొస్తారు. లింబాయత్ ప్రాంతానికి వెళితే సాంచాల (మరమగ్గాల) మోతలోంచి తెలుగు మాటలు వినిపిస్తాయి. ఆ కుటుంబాల పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అయితే ఈ ఊరికి బట్టతో, రాళ్లతో పనిలేని ఇంకో చరిత్ర ఉంది. రోగాలు, మందులు, వైద్య పరిశోధనల లెక్కలో ‘దేశంలో మొదటిది’, ‘ప్రపంచంలో పెద్దది’, ‘ఇంకెక్కడా విననిది’ అనిపించుకున్న సంగతులు సూరత్‌లో చాలానే పోగుపడ్డాయి. వాటిలో కొన్నింటి వెనక మనవాళ్లూ ఉన్నారు.

కూలికి నెత్తురు

జాన్ ఓవింగ్టన్ అనే ఆంగ్ల మతగురువు 1689లో ఓడెక్కి సూరత్‌కు వచ్చాడు. అక్కడ చూసినవన్నీ రాసిపెట్టుకుని 1696లో పుస్తకంగా అచ్చువేయించాడు. అందులో ఒక ఆసుపత్రి ముచ్చట ఉంది. ముసలి ఆవులు, కుంటి గుర్రాలు, మేకలు, కుక్కలు వంటి మూగజీవాలకు అక్కడి అహింసావాద వర్తకులు ఆసుపత్రి నడిపేవారు. అంతవరకు సరే. దాని దగ్గర్లోనే నల్లులకూ, గోమార్లకూ, నెత్తురు తాగి బతికే మిగతా పురుగులకూ వేరే ఆసుపత్రి ఉండేదట. మరి వాటికి ఆహారం ఎలా? అప్పుడప్పుడు ఒక పేదవాడికి కూలి ఇచ్చి, రాత్రంతా అక్కడి మంచం మీద పడుకోబెట్టేవారట. లేచి పారిపోకుండా ఏ ఏర్పాటు చేశారోగానీ, తెల్లారేదాకా కుట్టించుకోవడమే వాడి ఉద్యోగం. ప్రపంచంలో ఇంతకన్నా విచిత్రమైన కూలిపని ఇంకోటి ఉంటుందా?

సూరత్‌ను ఏళ్ల తరబడి ప్లేగు పీడించిన కాలం కూడా అదే. ఆ సంగతినీ ఓవింగ్టనే రాశాడు. ప్లేగుకూ గోమారికీ ఉన్న చుట్టరికం మాత్రం ఆయనకు తెలియదు, ఆసుపత్రి కట్టినవారికీ తెలియదు. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. ఎలుకల ఒంటిమీది గోమారి దాన్ని మోసుకొస్తుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమండ్ తేల్చాడు. ఈ రెండింటికీ నడుమ, 1897 జనవరి 10న, ముంబయిలో వాల్డెమార్ హాఫ్కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొట్టమొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు.

సరిగ్గా వందేళ్లకు

యెర్సిన్ కనిపెట్టిన వందేళ్లకు, 1994 సెప్టెంబరులో, ప్లేగు మళ్లీ సూరత్‌కు వచ్చింది. 1994కు ముందు దేశంలో చివరిగా ప్లేగు కేసు నమోదైంది 1966లో. ఇక ఆ పేరు పాఠ్యపుస్తకాలకే పరిమితమనుకున్నారు. ఆ సెప్టెంబరు మొదట్లో తాపీ నది పొంగింది. నీళ్లు తీశాక చచ్చిన పశువులు, కుళ్లిన చెత్త వీధుల్లో అలాగే పడి ఉన్నాయి. మూడో వారంలో వేడ్ రోడ్డు వైపునుంచి జ్వరం, దగ్గు, నెత్తురు కళ్లెతో రోగులు సివిల్ ఆసుపత్రికి రావడం మొదలైంది. బాగా కండపట్టిన వయసు కుర్రాళ్లు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాలు వదిలారు. ఊపిరితిత్తులకు పట్టే ప్లేగుకు మొదటి ఇరవైనాలుగు గంటల్లో మందు పడాలి. ఆలస్యమైతే బతికేవాళ్లు దాదాపు ఉండరు.

ఆ తర్వాత జరిగింది రోగం కన్నా పెద్ద వార్త. నాలుగైదు రోజుల్లో లక్షలమంది ఊరు విడిచారు. రైళ్ల పైకప్పుల మీద కూడా మనుషులే. వాళ్లలో సాంచాల మీదా వజ్రాల సాన చక్రాల మీదా పనిచేసే వలస కూలీలే ఎక్కువ. చాలామంది ప్రైవేటు వైద్యులూ తాళాలు వేసి వెళ్లిపోయారు. కొన్ని దేశాలు విమానాలు ఆపేశాయి. దేశం మొత్తమ్మీద చనిపోయినవారు అరవైమంది లోపే. దేశానికి జరిగిన నష్టం మాత్రం సుమారు 170 కోట్ల డాలర్లని అంచనా. మరణాల లెక్కకూ నష్టం లెక్కకూ పొంతనే లేదు.

ఆ మరణాలు అరవై దాటకపోవడానికి ఒక ముఖ్య కారణం చవక మాత్ర, టెట్రాసైక్లిన్. సూరత్ మందుల దుకాణాల్లో గంటల్లో అయిపోయింది అదే. ఆ మందుల వంశానికి ఆదిపురుషుడు ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్బై దాటాక లెడర్లీలో కొత్త ఉద్యోగంలో చేరిన వృక్షశాస్త్రవేత్త ఆయన. మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆ మందును తీశాడు. ఆ ప్రయోగశాలలో పరిశోధనలన్నీ నడిపించిన డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆరియోమైసిన్ సంగతి 1948 జులైలో లోకానికి వెల్లడైతే, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములను రోగానికి పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఈ కథలో రెండో తెలుగువాడు వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, దిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరయ్యాడు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండు భాగాల జనానికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు ఇప్పించి, గొంతువాపు ఎందుకొస్తుందో, ఎలా పోతుందో తేల్చిన బృందాన్ని నడిపింది ఆయనే. ఇవాళ మన వంటింట్లో ఉన్న అయోడైజ్డ్ ఉప్పుకు ఆ అధ్యయనం పునాది. 1994లో సూరత్‌లో వచ్చింది ప్లేగు కాదు, ఇంకేదో జ్వరమని పెద్ద పెద్దవాళ్లే వాదించారు. ప్రభుత్వం వేసిన సాంకేతిక సంఘానికి అధ్యక్షుడిగా రామలింగస్వామి ఆధారాలన్నీ వడగట్టి, అది ప్లేగేనని మరుసటి ఏడాది తేల్చాడు.

మూడోవాడు వైద్యుడు కాదు. సూర్యదేవర రామచంద్రరావు అనే ఐఏఎస్ అధికారి. ఎస్.ఆర్. రావుగా ప్రసిద్ధుడు. 1995 మేలో సూరత్ మునిసిపల్ కమిషనరుగా వచ్చాడు. ‘ఏసీ నుంచి డీసీకి’ అన్నది ఆయన పెట్టిన నినాదం. ఏసీ గదుల్లోంచి లేచి రోజువారీ పనుల్లోకి రండని దాని అర్థం. అధికారులు పూట పూటంతా వీధుల్లోనే ఉండాలి. నగరాన్ని ఆరు మండలాలు చేసి ఒక్కోదానికి ఒక్కో కమిషనరును పెట్టి, సంతకాల కోసం తన గది దాకా రావక్కర్లేకుండా అధికారం ఇచ్చేశాడు. రాత్రిపూట రోడ్లు ఊడిపించాడు. చెత్త వేస్తే జరిమానా. అక్రమ కట్టడమైతే పెద్దవాడిదీ చిన్నవాడిదీ అని చూడలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం పేపర్లలో అంతగా రానిది: ఎక్కడ ఎంతమందికి జ్వరం వచ్చిందో ఆసుపత్రుల నుంచీ ప్రైవేటు వైద్యుల నుంచీ రోజూ లెక్క తెప్పించుకునేవాడు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1996లో, ఇంటాక్ సంస్థ సర్వేలో చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా సూరత్ పేరు వచ్చింది. 1998లో రావుకు పద్మశ్రీ ఇచ్చారు. 2006 ఆగస్టులో తాపీ మళ్లీ పొంగి ఊళ్లో ఎక్కువ భాగం మునిగినా ప్లేగు తిరిగి రాలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానం దక్కింది. చాలా నగరాలకు పతకాలు వస్తాయి, మళ్లీ చెత్తా వస్తుంది. పాతికేళ్లు దాటినా అలవాటు చెడకపోవడమే సూరత్ అసలు రికార్డని నా లెక్క.

పుకారు పుట్టిన చోట

1994లో రోగం పేరు బయటికి రాకముందే సూరత్‌లో ఒక పుకారు తిరిగింది, మంచినీళ్లలో ఎవరో విషం కలిపారని. భయం కలిగినప్పుడు మనుషులు దాన్ని తగ్గించే మాట కాకుండా ఇంకా పెంచే మాట ఎందుకు నమ్ముతారు? ఈ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రంలో దొరికిన గొప్ప జవాబుల్లో ఒకటి భారతదేశపు భూకంపం నుంచే పుట్టింది. 1934 జనవరి 15న బిహార్‌ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు పుకార్లను పోగుచేశాడు. భూమి అదిరినా నష్టమేమీ జరగని ఊళ్లలో, ‘ఇంతకన్నా పెద్ద విపత్తు రాబోతోంది’ అన్న పుకార్లే ఎక్కువగా కనిపించాయి. ఇది చదివిన అమెరికా శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్‌కు తల తిరిగింది. జనం లేనిపోని భయం కోసం పుకారు పుట్టించలేదు. అప్పటికే గుండెలో ఉన్న భయానికి బయట కారణం కనబడక, సరిపోయే వార్తను తామే అల్లుకున్నారని అతను అర్థం చేసుకున్నాడు. మనసుకూ నిజానికీ పొంతన కుదరకపోవడం గురించి 1957లో వచ్చిన అతని సిద్ధాంతానికి మొదటి అడుగు అదే. ప్రపంచమంతా చదువుకునే పాఠానికి బిహారు పల్లెల గుసగుసలు ముడిసరుకయ్యాయి.

ఎవరితోనూ కలవని నెత్తురు

ఏ, బీ, ఓ మనకు తెలిసిన గ్రూపులు. శాస్త్రవేత్తల జాబితాలో మాత్రం రక్తవర్గ వ్యవస్థలు నలభై దాటాయి. 1952లో ముంబయిలో డాక్టర్ భెండే బృందం కనిపెట్టిన బాంబే గ్రూపు మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందంటారు. సూరత్ అంతకన్నా అరుదైనవాటికి చిరునామా అయింది. అక్కడి లోక్ సమర్పణ్ రక్తదాన కేంద్రానికి 2016లో ఒక మనిషి నెత్తురు ఎవరి నెత్తురుతోనూ కలవడం లేదని తెలిసింది. దానికి ఐఎన్‌ఆర్‌ఏ అని పేరు పెట్టారు. మొదటి రెండక్షరాలు ఇండియావి, చివరి రెండూ ఆ మనిషి పేరులోవి. అంతర్జాతీయ జాబితాలో అది ‘ఇండియన్’ అనే రక్తవర్గం కింద ఐదో అంశంగా చేరింది. 2022లో రాజ్‌కోట్‌కు చెందిన అరవై అయిదేళ్ల గుండెజబ్బు రోగి నెత్తురు కూడా ఇలాగే దారీతెన్నూ లేకుండా సూరత్‌ కేంద్రానికి వచ్చింది. అమెరికా దాకా పంపించి చూస్తే, ఈఎంఎం అనే అంశం లేని ‘ఈఎంఎం నెగటివ్’ అని తేలింది. దేశంలో అదే మొదటి కేసు, ప్రపంచంలో పదోది. ఇలాంటివాళ్లకు నెత్తురు కావాలంటే ఉన్న ముఖ్యమైన దారి: ఆరోగ్యంగా ఉన్నప్పుడే తమ నెత్తురు తామే తీయించి దాపెట్టుకోవడం.

అతి పిన్న దాత

సూరత్‌లో 2021 అక్టోబరులో మెదడు మరణం చెందిన పద్నాలుగేళ్ల బాలుడి అవయవాలను తల్లిదండ్రులు దానం చేశారు, రెండు చేతులతో సహా. ముంబయిలో అవి కరెంటు షాక్‌తో చేతులు పోగొట్టుకున్న పుణె యువకుడికి అతికాయి. చేతులు దానమైనవాళ్లలో దేశంలో అతి పిన్న వయస్కుడు ఇతడేనని అప్పట్లో ప్రకటించారు. మన దేశంలో మొదటి చేతుల మార్పిడి జరిగింది 2015 జనవరిలో, కొచ్చిలోని అమృత ఆసుపత్రిలో. గుండె, కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకునే కుటుంబాలు కూడా చేతులనేసరికి వెనకాడతాయి. అవి బయటికి కనిపిస్తాయి మరి.

యోగాలో ఓటమి

2023 జూన్ 21న సూరత్‌లో 1,47,952 మంది ఒకేసారి యోగా చేశారని గిన్నిస్ వాళ్లు పత్రం ఇచ్చారు. సరిగ్గా రెండేళ్లకు, 2025 జూన్ 21న, విశాఖ సముద్రతీరంలో మూడు లక్షలు దాటించి మనవాళ్లు ఆ రికార్డు లాగేసుకున్నారు. ముందురోజు ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో ఇరవై రెండు వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు నూట ఎనిమిది నిమిషాల్లో నూట ఎనిమిది సూర్యనమస్కారాలు చేశారు. అది ఇంకో రికార్డు. గిన్నిస్ లెక్కించేది వచ్చినవాళ్లను. జూన్ 22 ఉదయం ఎంతమంది చాప పరిచారో లెక్కపెట్టే సంస్థ ఇంకా పుట్టలేదు.

పెంటగాన్‌ను మించిన భవనం

2023 డిసెంబరు 17న ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ (వజ్రాల వ్యాపార కేంద్రం) విస్తీర్ణం దాదాపు 67 లక్షల చదరపు అడుగులు. అమెరికా పెంటగాన్ కన్నా పెద్ద కార్యాలయ భవనం. ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో పదింటికి తొమ్మిది ఈ ఊళ్లోనే సానబడతాయంటారు. సాన పట్టేవాళ్లను ‘రత్న కళాకారులు’ అని గౌరవంగా పిలుస్తారు. తిరిగే చక్రానికి రాయిని ఆనించి, పదింతలు పెద్దదిగా చూపే బుల్లి భూతద్దాన్ని కంటికి పెట్టుకుని, ఒక ముఖం తీరిందా లేదా చూసి, మళ్లీ ఆనించాలి. ఆవగింజంత రాయికి కూడా యాభై ఎనిమిది ముఖాల దాకా తీయాలి. జీతం నెలకు కాదు, రాయికి ఇంత.

రాయికి ఇంత అయినప్పుడు రాళ్లు రాకపోతే ఏముంది? విదేశాల్లో గిరాకీ పడిపోయి పని దొరకక కళాకారుల ఆత్మహత్యలు వరసగా వార్తల్లోకి వచ్చాయి. బోర్స్ తలుపులు తెరిచి ఏడాది కూడా కాకముందే, 2024 జులైలో, గుజరాత్ వజ్ర కార్మికుల సంఘం వాళ్ల కోసమే ఒక హెల్ప్‌లైన్ పెట్టాల్సొచ్చింది. ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది అడిగింది మనశ్శాంతి గురించి కాదు. పని ఉందా, పిల్లల ఫీజు ఎలా, ఇంటి వాయిదా ఎలా అనే అడిగారు.

లింబాయత్ సాంచాల మీద పనిచేసే మనవాళ్ల బాధలూ ఈ దరిదాపుల్లోనివే. పన్నెండు గంటల షిఫ్టు, పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో అరవాల్సినంత మోత, ఊళ్లో అప్పు. సూరత్‌లో ఉన్నా సిరిసిల్లలో ఉన్నా, గుండె బరువెక్కి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడేవాళ్లూ ఉంటారు. మీ చుట్టాలెవరైనా అక్కడుంటే ఈ నంబరు వాళ్లకు పంపండి.