ముంజకాయల బండిని కంప్యూటర్‌లో కట్టడం ఎలా?

తమ్ముళ్లూ, మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ వాళ్లం నలుగురం కూర్చుని ఆలోచించాం. హాస్టల్ జ్ఞాపకాలు ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నీళ్ల సాంబారు గురించీ, తెల్లవారుజామున స్టడీ అవర్‌లో కునికిపాట్ల గురించీ మేం కొత్తగా చెప్పేది ఏమీ లేదు. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో వెళ్లబోయే వాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటి రాద్దామనుకున్నాం. అదే క్యాడ్. అంటే కంప్యూటర్ సాయంతో వస్తువుకి రూపం గీసి, విడి భాగాలను కూర్చి, అది పనిచేస్తుందో లేదో తయారీకి ముందే చూసుకోవడం.

ఇదే ఎందుకంటే, మేం మెకానికల్ డిప్లొమాలో చేరినప్పుడు మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఈ ల్యాబే. ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురం కూర్చునేవాళ్లం. మౌస్ మాత్రం ఎప్పుడూ ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడి చేతిలోనే ఉండేది. మిగతా ముగ్గురం వెనకనుంచి చూసి రికార్డు రాసేవాళ్లం. మాతోపాటు ఇదే హాస్టల్ నుంచి వచ్చినవాడు ఒకడు రెండో ఏడాది మధ్యలో మానేసి బట్టల కొట్లో పనికి కుదిరాడు. వాడికి బుర్ర లేక కాదు. ముంజకాయల బండి కట్టడంలో మా అందరికీ వాడే గురువు. ఆ బండినే కంప్యూటర్‌లో కట్టి చూపించి ఉంటే వాడు మానేవాడు కాడేమో అని మాకు ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది.

ముంజకాయల బండి తెలియని వాళ్లు ఈ ప్రాంతంలో ఉండరు కాని, పట్నం నుంచి వచ్చిన వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాం. వేసవిలో ముంజెలు తినేశాక మిగిలిన తాటికాయలు రెండు తీసుకుని, ఒక పుల్లకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి గుచ్చుతాం. పంగ ఉన్న పొడుగాటి కర్ర ఒకటి తెచ్చి, ఆ పంగని పుల్ల మీద ఆనించి తోసుకుంటూ పరిగెత్తుతాం. ఉన్నవి నాలుగే భాగాలు: రెండు చక్రాలు, ఒక ఇరుసు, ఒక తోపుడు కర్ర. క్యాడ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బండి మాకు దొరకలేదు.

ఇక సాఫ్ట్‌వేర్. కంపెనీల్లో వాడే క్యాడ్ ప్రోగ్రాములు మన అందుబాటులో ఉండే ధరలు కావు. దొంగ కాపీ వేసుకుని వైరస్‌తో పాట్లు పడవద్దు. ఫ్రీక్యాడ్ అని ఒకటి ఉంది. పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. 2024 నవంబరులో దాని 1.0 వెర్షన్ వచ్చింది. అంతకుముందు భాగాలను కూర్చాలంటే అదనపు ప్రోగ్రాము తగిలించుకోవాల్సి వచ్చేది. 1.0 నుంచి అసెంబ్లీ విభాగం అందులోనే ఉంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా పని సాగుతుంది.

మొదట చక్రం. పార్ట్ డిజైన్‌లోకి వెళ్లి కొత్త స్కెచ్ తెరిచి ఒక వృత్తం గీయండి. చేత్తో కాగితం మీద గీసినట్టు కచ్చితంగా గీయక్కర్లేదు, వంకరటింకరగా ఎక్కడ పడినా ఫరవాలేదు. గీశాక కంప్యూటర్ "ఇంకా మూడు సంగతులు చెప్పలేదు" అని లెక్క చూపిస్తుంది. కేంద్రం అడ్డంగా ఎక్కడ, నిలువుగా ఎక్కడ, వృత్తం ఎంత పెద్దది – ఇవే ఆ మూడు. కేంద్రాన్ని మూలబిందువుకి కట్టేస్తే రెండు తీరాయి. వ్యాసం 120 మిల్లీమీటర్లు అని చెబితే మూడోదీ తీరింది. గీత ఆకుపచ్చగా మారుతుంది. ఈ షరతులనే కన్‌స్ట్రెయింట్లు అంటారు. క్యాడ్‌కి ప్రాణం ఇదే. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే ఆయన తన పరిశోధన కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము చేశాడు. కాంతి కలంతో తెర మీద గీత గీసి, "ఇవి రెండూ సమాంతరం" అని చెబితే యంత్రమే సరిదిద్దేది. అరవై ఏళ్ల తర్వాత మనం చేసేదీ అదే పని.

అదే కేంద్రంతో 16 మిల్లీమీటర్ల చిన్న వృత్తం ఇంకోటి గీయండి. స్కెచ్ మూసి ప్యాడ్ నొక్కి మందం 70 అని ఇస్తే, మధ్యలో బెజ్జంతో సహా చక్రం లేచి నిలబడుతుంది. అంచులకి ఫిల్లెట్ 10 ఇస్తే తాటికాయలా గుండ్రదనం వస్తుంది. ఇప్పుడు ముంజె గుంటలు. ముఖం మీద, కేంద్రానికి 33 మిల్లీమీటర్ల దూరంలో 30 వ్యాసంతో ఒక వృత్తం గీసి, పాకెట్‌తో 25 లోతుకి తవ్వండి. మిగతా రెండు గుంటలూ మళ్లీ గీయకండి. పోలార్ ప్యాటర్న్‌లో 3 అని ఇస్తే అవే వస్తాయి. మొదటిసారి ఇది తెర మీద కనిపించినప్పుడు మాలో ఒకడు "లేతకాయరా" అని కేక పెట్టాడు.

ఇరుసు సులువే: 16 వృత్తం, పొడవు 300. తోపుడు కర్ర కూడా అంతే. 900 పొడవున్న కర్రకి చివర 18 వెడల్పుతో, లోపలి కొస అర్ధవృత్తంగా ఉండే గాడి తవ్వితే అదే పంగ. ఇరుసు 16, పంగ 18. ఆ రెండు మిల్లీమీటర్ల సందు లేకపోతే ఇరుసు పంగలో తిరగదు. చక్రం బెజ్జం మాత్రం ఇరుసంతే పెట్టాం. ఎందుకంటే నిజం బండిలో పుల్ల కాయలో బిగుసుకుపోతుంది. కాయా పుల్లా కలిసే తిరుగుతాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి. చక్రం ఇరుసుతో కలిసి తిరగడం ఒక పద్ధతి, ఇరుసు కదలకుండా చక్రం ఒక్కటే తిరగడం ఇంకో పద్ధతి. ఎడ్లబండి రెండో రకం. ఇరుసు బండికి బిగించి ఉంటుంది, చక్రం దాని మీద తిరుగుతుంది, ఊడిపోకుండా చివర సీల ఉంటుంది. మొదటి రకం చూడాలంటే నిడదవోలు స్టేషన్‌కి వెళ్తే చాలు. భీమవరం లైను విడిపోయే చోట ఆగిన గూడ్సు చక్రాలు చూడండి. రెండు చక్రాలనూ ఇరుసుకి ఒత్తిడితో బిగించేస్తారు, రెండూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. మన ముంజకాయల బండి రైలు జాతిది!

అయితే కలిసి తిరిగితే మలుపులో చిక్కు వస్తుంది. మన బండి చక్రాల మధ్య దూరం 230 మిల్లీమీటర్లు. బండిని ఒక పూర్తి చుట్టు తిప్పితే బయటి చక్రం లోపలి దానికన్నా సుమారు 1,445 మిల్లీమీటర్లు ఎక్కువ నడవాలి. చిన్న చుట్టైనా పెద్ద చుట్టైనా ఈ తేడా మారదు. చక్రం చుట్టుకొలత 377 కాబట్టి దాదాపు నాలుగు చుట్లు ఎక్కువన్నమాట. కలిసి తిరిగే చక్రాలకి అది కుదరదు, అందుకే ఒక కాయ మట్టిలో ఈడుస్తుంది. చిన్నప్పుడు మలుపులో బండి మొండికేసేది ఇందుకేనని డిప్లొమా చదివేదాకా మాకు తెలియలేదు. రైలు చక్రం అంచుని కొద్దిగా ఏటవాలుగా చేస్తారు. వంపులో చక్రాలజత పక్కకి జరిగి, బయటి చక్రం పెద్ద వ్యాసం మీద, లోపలిది చిన్న వ్యాసం మీద దొర్లుతాయి.

ఇప్పుడు కూర్పు. అసెంబ్లీలోకి నాలుగు భాగాలనూ తెచ్చి, ముందుగా ఒకదాన్ని గ్రౌండ్ చేయాలి, అంటే కదలకుండా పాతేయాలి. మేం ఇది మరిచిపోయి, చక్రాన్ని పట్టుకుని తిప్పితే బండి మొత్తం గాలిపటంలా తిరిగింది. కర్రని గ్రౌండ్ చేశాం. విడిగా ఉన్న ప్రతి భాగానికీ ఆరు కదలికలు ఉంటాయి: మూడు దిక్కుల్లో జరగడం, మూడు రకాలుగా తిరగడం. మిగిలిన మూడు భాగాలకీ కలిపి 18. చక్రాన్ని ఇరుసుకి ఫిక్స్‌డ్ జాయింట్‌తో కలిపితే ఆరూ పోతాయి. రెండు చక్రాలకీ 12. ఇరుసుని పంగకి రివల్యూట్ జాయింట్‌తో కలిపితే ఐదు పోయి, తిరగడం ఒక్కటి మిగులుతుంది. 18లోంచి 17 తీసేస్తే 1. ఆ ఒక్కటే బండి దొర్లడం. అదే ఎడ్లబండి పద్ధతిలో ఇరుసుని కర్రకి ఫిక్స్ చేసి, చక్రాలకి రివల్యూట్ ఇస్తే 18లోంచి 16 పోయి 2 మిగులుతాయి. అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా తిరుగుతుంది. లెక్క సరిపోకపోతే ఎక్కడో తప్పు కట్టారని అర్థం.

రెండో చక్రం మాకు ఇరుసు చివర బయట వేలాడింది. జాయింట్ ముఖాలను ఎదురెదురుగా పెట్టుకుంది. రివర్స్ బొత్తాం నొక్కితే లోపలికి వచ్చింది. ఇంకో సంగతి: కంప్యూటర్‌లో ఒక వస్తువు ఇంకో వస్తువులోకి దూరిపోయినా అది అడ్డు చెప్పదు. పంగని పొరపాటున 14 పెట్టినా తెర మీద ఇరుసు హాయిగా తిరుగుతూనే ఉంటుంది. అనుమానం ఉన్నప్పుడు రెండు భాగాలకీ ఉమ్మడి భాగం ఏమైనా ఉందా అని కామన్ అనే ఆజ్ఞతో చూసుకోవాలి. ఏమీ రాకపోతే సందు ఉన్నట్టు.

అంతా అయ్యాక తెర మీద దొర్లుతున్న బండిని ఫోన్‌లో వీడియో తీసి, బట్టల కొట్లో ఉన్న మా వాడికి పంపించాం. మెచ్చుకుంటాడనుకుంటే, "పంగ పక్కకి జారదేంట్రా? గాటు ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు. నిజమే. అసలు బండిలో పంగ ఇరుసు మీద అటూఇటూ జారి కాయకి రాసుకుంటుంది. అందుకే వాడు పుల్ల మధ్యలో కత్తితో గాటు పెట్టేవాడు. మేం గాటు గీయకుండానే రివల్యూట్ ఇచ్చేశాం. గాటు లేని ఇరుసుకి సరైనది సిలిండ్రికల్ జాయింట్. అది తిరగడాన్నీ జారడాన్నీ రెండింటినీ వదిలేస్తుంది. మళ్లీ ఫైలు తెరిచి, ఇరుసు మధ్యలో రెండు మిల్లీమీటర్ల లోతున, కర్ర మందానికి కాస్త ఎక్కువ వెడల్పుతో చుట్టూ గాడి తీశాం. అక్కడ ఇరుసు 12 అయింది కాబట్టి పంగని 14కి తగ్గించాం. ఇందాక తప్పన్న అంకె, గాడి తీశాక ఒప్పయింది. స్కెచ్‌లో ఒక్క అంకె మారిస్తే కూర్పులోనూ పంగ దానంతట అదే మారింది. కాగితం మీద అయితే మళ్లీ మొదటినుంచి గీయాల్సిందే.

ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఈ సంచికతోపాటే హాస్టల్ ఆఫీసుకి పంపుతున్నాం. మీ బళ్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే 3డి ప్రింటర్ కూడా ఉండవచ్చు. ప్రింట్ తీసేటట్టయితే కొలతలన్నీ మూడో వంతుకి తగ్గించుకోండి. అయితే సందు కూడా మూడో వంతైపోతుంది, ప్రింటర్‌కి అది చాలక ఇరుసు పంగలో అతుక్కుపోవచ్చు. అందుకని తగ్గించాక పంగ వెడల్పు మళ్లీ సరిచూసుకోండి. మౌస్ మాత్రం ఒక్కడి చేతిలోనే ఉంచకండి. చక్రం ఒకరు, ఇరుసు ఒకరు, కర్ర ఒకరు గీసి, కూర్పు నాలుగోవాడికి వదిలేయండి.