కిసాన్ కార్డుకు ముందు సొసైటీలో నమ్మకం

నాట్లు దగ్గరపడ్డాక సొసైటీ గడప తొక్కి 'కార్డు ఇవ్వండి' అంటే పని వెంటనే జరగదు. వాకాడు ప్రాంతంలో రెండు మూడు ఎకరాల కయ్య ఉన్న రైతు ఈ ప్రయత్నం ఒక పంట ముందే మొదలుపెట్టడం మేలు. లేకపోతే చివరికి దిక్కు మూడు రూపాయల వడ్డీయే. అంటే లక్షకు ఏడాదికి 36 వేలు!

కిసాన్ క్రెడిట్ కార్డు పథకం 1998లో వచ్చింది. వాణిజ్య బ్యాంకులతో పాటు సహకార సంఘాల ద్వారా కూడా ఈ కార్డు పొందవచ్చు. 1987లో మన రాష్ట్రంలో సింగిల్ విండో విధానం వచ్చాక పంట రుణం, దీర్ఘకాలిక రుణం రెండూ ఊరి సొసైటీలోనే దొరికే ఏర్పాటు జరిగింది.

ముందుగా ఏం చేయాలి?

సభ్యత్వం తీసుకుని వాటాధనం కట్టండి. రసీదు భద్రపరచుకోండి. వడ్లు అమ్మిన డబ్బులో కొంతైనా ఖాతాలో వేయండి. మొదటిసారి చిన్న రుణమే తీసుకుని గడువులోగా తీర్చండి. మీ మాటకంటే మీ ఖాతా పుస్తకమే గట్టి సాక్ష్యం.

పాసుపుస్తకం, అడంగల్, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఒకే సర్వే నంబరు మీద రెండుచోట్ల పంట రుణం తీసుకోవద్దు. ఇంకొకరికి హామీ సంతకం చేసేముందు ఆలోచించండి. వాళ్లు కట్టకపోతే ఆ మచ్చ మీ రుణ చరిత్రకూ అంటుతుంది.

ఎంత వస్తుంది?

2012 సవరణ ప్రకారం ఎకరాకు నిర్ణయించిన పంట రుణ పరిమితికి, కోత అనంతర, ఇంటి ఖర్చులకు 10 శాతం, పనిముట్ల మరమ్మతులకు 20 శాతం కలుపుతారు. ఉదాహరణకు ఎకరాకు 40 వేలు అనుకుంటే రెండెకరాలకు 80 వేలు, పై రెండూ కలిపి 1,04,000 రూపాయలు. బీమా ప్రీమియం దీనికి అదనం. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు పంట రుణానికి తాకట్టు అడగరాదు.

గడువే ప్రాణం

3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులో కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. ఈ రాయితీ 2025-26లోనూ కొనసాగింది. లక్ష రూపాయలు ఏడాది వాడుకున్న రైతుకు 3 వేలు మిగులుతాయన్నమాట. ఒక్కరోజు ఆలస్యమైనా ఈ లాభం పోవచ్చు. కాబట్టి గడువు తేదీని గోడమీద రాసిపెట్టుకోండి.

తుపానుకు పంట పోతే మొహం చాటేయవద్దు. గడువు తీరకముందే సొసైటీకి రాతపూర్వకంగా తెలపండి. విపత్తు ప్రకటించిన ప్రాంతాల్లో రుణ గడువు మార్చే వీలుంది.

కౌలుదారులకు

కౌలు రైతులూ ఈ కార్డుకు అర్హులే. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. దానివల్ల భూమిమీద హక్కు రాదు. ఆ సంగతి యజమానికి నచ్చజెప్పి సంతకం తీసుకోండి.

దరఖాస్తు ఇచ్చినపుడు అందినట్టు రసీదు అడగండి. కాదంటే కారణం రాసివ్వమనండి. ఆ కారణం తెలిస్తే దాన్ని సరిదిద్దుకుని వచ్చే పంటకైనా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.