కరెంటు పోయింది... పాపాయి లేచింది!

వేసవి రాత్రి కరెంటు పోతే పెద్దవాళ్లు చాప చంకన పెట్టుకుని డాబా ఎక్కేస్తారు. మరి ఉయ్యాల్లో ఉన్న పాపాయి సంగతేంటి?

రాత్రి పన్నెండున్నర. విజయవాడలో ఓ మేడ పైవాటా. తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. రెండు నిమిషాలు నిశ్శబ్దం. ఆ తర్వాత... కేర్‌మంటూ ఏడుపు! పుట్టింటికి వచ్చిన బాలింత ఒక చేత్తో రెండు నెలల పాపను ఎత్తుకుని, మరో చేత్తో సెల్‌ఫోన్ కోసం తడుముకుంటోంది.

‘‘గొంతెండిపోతోందేమోనే, ఉగ్గుగిన్నెతో రెండు చుక్కలు నీళ్లు పట్టవే’’ చీకట్లోంచి వాళ్లమ్మ.

‘‘వద్దమ్మా, డాక్టరుగారు వద్దన్నారు.’’

‘‘మిమ్మల్ని మేం నీళ్లు పట్టకుండానే పెంచామా? అప్పుడు ఫ్యాన్లున్నాయా, ఏసీలున్నాయా?’’

ఎండాకాలంలో ఎన్నో ఇళ్లలో వినిపించే వాదనే ఇది. ఇద్దరిదీ ప్రేమే. మరి ఎవరి మాట వినాలి?

పాలలోనే నీళ్లు

నీళ్ల విషయంలో మాత్రం డాక్టరుగారి మాటే వినాలి. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. అందుకే ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తాగే బిడ్డకు, ఎంత ఎండాకాలమైనా, మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీళ్లతో పొట్ట నిండితే పాపాయి పాలు తక్కువ తాగుతుంది. ఆ నీళ్లు శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. చేయాల్సిందల్లా మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వడమే. నీళ్లూ మజ్జిగా తాగాల్సింది తల్లి!

డబ్బాపాలయితే ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. రెండు గంటలు దాటినా, తాగగా మిగిలినా పారబోయాల్సిందే. కరెంటు లేని ఫ్రిజ్‌ను నమ్ముకోకూడదు.

అమ్మమ్మా కరెక్టే!

ఫ్యాన్లు లేకుండానే పిల్లలు పెరిగారన్న మాట నిజమే. కానీ అప్పటి ఇళ్లు వేరు. మట్టిగోడలు, తాటాకు కప్పు, పెంకుటిల్లు, వీధి అరుగు, పెరట్లో వేపచెట్టు. ఇప్పుడు నెత్తిన కాంక్రీటు శ్లాబు. పగలంతా ఎండను తాగి, రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పైగా పసిబిడ్డ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. చెమట పట్టడమూ తక్కువే. దుప్పటి తన్నేసి పక్కకు జరగడం తెలియదు, దాహమని చెప్పడమూ రాదు.

వేడిని తేలిగ్గా తీసుకోకూడదు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే.

చీకట్లో ఏం చేయాలి?

ముందుగా చొక్కా, టోపీ, సాక్సులు తీసేయాలి. పల్చటి నూలుగుడ్డ ఒక్కటి చాలు. పక్క మీది రబ్బరు షీటు తీసి నూలు దుప్పటి పరవాలి. చీర ఉయ్యాలలో బిడ్డకు రెండు పక్కలా గుడ్డే అడ్డం, గాలాడదు. చాప మీద పడుకోబెట్టి దోమతెర కట్టడం మేలు. అదేపనిగా ఎత్తుకుని తిప్పితే మన ఒంటి వేడి కూడా పాపాయికే! మామూలు నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో మెడ, చంకలు, గజ్జలు తుడిచి, తాటాకు విసనకర్రతో విసిరితే హాయిగా ఉంటుంది. ఐసు నీళ్లు వద్దు. చెమటకాయలకు పౌడరు దట్టించడమూ వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దోమతెర దగ్గర కొవ్వొత్తి పెట్టకండి. మూసిన గదిలో దోమలచుట్ట వెలిగించకండి.

డాబా మీదికి వెళ్లాలనుకుంటే సాయంత్రమే నీళ్లు చల్లి ఉంచాలి. పగలు వడగాలి లోపలికి రాకుండా కిటికీలు మూసి, చల్లబడ్డాక తెరవాలి. ఇన్వర్టరు ఉంటే పాపాయి గదిలో ఒక్క ఫ్యాను, ఒక్క లైటుకే వాడుకుంటే ఎక్కువసేపు వస్తుంది. కరెంటు ఎంతకీ రాకపోతే 1912కి ఫోన్ చేయొచ్చు.

ఇలా ఉంటే ఆగొద్దు

పాపాయి పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా, రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ ఉచ్చపోసినా, నడినెత్తిన మాడు లోపలికి పోయినా, నోరు ఎండిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడు నెలల్లోపు బిడ్డకు ఒళ్లు 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా చూడకూడదు. 108 ఉండనే ఉంది.

...మూడు గంటలకు కరెంటొచ్చింది. పాలు తాగిన పాపాయి అప్పటికే నిద్రపోయింది. పక్కనే బాలింత కూడా. తల్లీబిడ్డలకు విసురుతూ కూర్చున్న అమ్మమ్మ, ఫ్యాను తిరిగినా విసనకర్ర దించలేదు. మళ్లీ పోదని నమ్మకమేంటి?