కృష్ణమ్మ కడుపులో ఇక్ష్వాకుల రాజధాని

మాచర్ల: నాగార్జునసాగర్ డ్యామ్ చూడవచ్చే యాత్రికులలో చాలామంది లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళతారు. మ్యూజియం ఒక చుట్టు చుట్టి, తిరుగు లాంచీకి వేళ కాగానే పరుగుపరుగున రేవుకు దిగిపోతారు. తాము దాటివచ్చిన నీటి అడుగున ఒక రాజధాని ఉన్నదన్న సంగతి వారిలో ఎందరికి తెలుసో అనుమానమే.

ఆ నగరం పేరు విజయపురి. శాతవాహనుల తర్వాత క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు ఇక్కడి నుంచే పాలించారు. ఆ తర్వాత అది అడవి పాలై, జనం మరచిపోయారు. 1926లో శాసనాల కోసం వెతుకుతూ వచ్చిన ఎ.ఆర్. సరస్వతి ఈ శిథిలాలను గుర్తించారు. మరుసటి ఏటి నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. మహాచైత్యంలో బంగారు భరిణెలో దొరికిన ధాతువు ఇప్పుడు సారనాథ్‌లో ఉన్నది.

అసలు హడావిడి 1954లో మొదలైంది. డ్యామ్ కడితే లోయ అంతా మునిగిపోతుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఒకపక్క ఆనకట్ట లేస్తుండగా మరోపక్క ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1960 వరకు వందకు పైగా చోట్ల తవ్వారు. రాతియుగపు పనిముట్లు మొదలు రోము బంగారు నాణేల దాకా బయటపడ్డాయి. కొన్ని ముఖ్య కట్టడాలను ఊడదీసి, కొండపైన, కుడిగట్టున అనుపు వద్ద మళ్ళీ కట్టారు. మిగిలినవి నీటిపాలయ్యాయి. లోయలోని పల్లెల జనం కూడా ఇళ్ళూ పొలాలూ వదిలి లేచిపోయారు. వారి ఊళ్ళకు మాత్రం మ్యూజియం లేదు.

కొండమీది మ్యూజియం 1966లో ఏర్పడింది. అందులో బుద్ధ విగ్రహాన్నీ, జాతక కథలు చెక్కిన సున్నపురాతి పలకలనూ అందరూ చూస్తారు. మునిగిన లోయ నమూనా వద్ద మాత్రం నిలిచేవారు తక్కువ. నిజానికి ముందు చూడవలసింది అదే. ఏ విహారం ఎక్కడ ఉండేదో అక్కడ తెలుసుకుని బయటకు వచ్చి నీటివైపు చూస్తే, ఆ నీరు వేరుగా కనిపిస్తుంది.

ఇక్కడి శాసనాలలో స్త్రీల పేర్లు ఎక్కువ. శాంతమూల మహారాజు అశ్వమేధం చేసిన వైదికుడు కాగా, ఆయన చెల్లెలు చాంతిసిరి మహాచైత్యాన్ని పునరుద్ధరించింది. రాజకుటుంబానికి చెందని బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆనాడు సముద్రం దాటి ఈ లోయకు చదువుకోను వచ్చేవారన్నమాట.

కొండ చూసి వెళ్ళిపోయేవారికి అనుపు దక్కడం లేదు. మెట్లమెట్లుగా కట్టిన ఆనాటి రంగశాల ఉన్నది అక్కడే. కింద నిలిచి మాట్లాడిన మాట పై మెట్టు దాకా వినిపించడం దాని ప్రత్యేకత. పిల్లలు చప్పట్లు కొట్టి పరీక్ష చేస్తుంటారు. అక్కడికి లాంచీతో పని లేదు, రోడ్డున పోవచ్చు.

కొండకు లాంచీ విజయపురి సౌత్ రేవు నుంచి బయలుదేరుతుంది. దూరం సుమారు 11 కిలోమీటర్లు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఉదయపు లాంచీకే వెళితే కొండమీద తీరికగా చూసి, పొద్దు ఉండగానే అనుపు చేరుకోవచ్చు.