కంటి రంగు – నీటికాసులకు లేజర్ చికిత్స

వైద్యులు గ్లాకోమా అని పిలిచే నీటికాసుల వ్యాధిలో దృష్టి నాడి క్రమంగా దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపును కాపాడుకోవడమే చికిత్స లక్ష్యం.

ఈ వ్యాధిలోని ఒక రకంలో కంటిలోని ద్రవం వెలుపలికి పోయే మార్గం మూసుకుపోయి, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కనుపాప చుట్టూ ఉండే రంగు పొరలో, అంచుకు దగ్గరగా, లేజర్‌తో సన్నని రంధ్రం చేసి ద్రవానికి మరొక దారి కల్పిస్తారు. కంటి రంగు ప్రభావం ఇక్కడే కనిపిస్తుంది.

మన దేశంలో అధికుల కళ్లు ముదురు గోధుమరంగువి. మెలనిన్ అధికంగా ఉండే ఈ పొర, నీలికళ్లలోని పొర కన్నా సాధారణంగా మందంగా ఉంటుంది. అందువల్ల యాగ్ లేజర్‌కు ఎక్కువ శక్తి అవసరం కావచ్చు. కొందరు వైద్యులు ముందుగా ఆర్గాన్ లేజర్ వేడితో పొరను పలుచన చేసి, పిదప యాగ్ లేజర్‌తో రంధ్రం పూర్తి చేస్తారు. రెండు దశలు అవసరమైనంత మాత్రాన వ్యాధి ముదిరిందని గాని, చికిత్స విఫలమైందని గాని భావించరాదు.

లేజర్ తరువాత కంటిలో వాపు రావచ్చు, ఒత్తిడి తాత్కాలికంగా పెరగవచ్చు. అందుచేత సాధారణంగా ఒక గంట తరువాత ఒత్తిడిని మళ్లీ కొలుస్తారు. అంతవరకు ఆసుపత్రి విడిచి వెళ్లరాదు. చుక్కల మందును వైద్యులు చెప్పినన్ని రోజులు వాడాలి. తీవ్రమైన నొప్పి కలిగినా, చూపు మందగించినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

కంటి రంగును బట్టి వ్యాధి ఉన్నదీ లేనిదీ తెలియదు. 40 ఏళ్లు దాటినవారు, కుటుంబంలో నీటికాసులు ఉన్నవారు కంటి పరీక్ష చేయించుకోవాలి. సొంత ఊరిలో చేయించుకున్న పరీక్షల కాగితాలు ఉంటే వెంట తీసుకువెళ్లడం మేలు.