ధాన్యం ట్రాక్టరంటే నాలుగున్నర కార్లు
నెల్లూరు జిల్లా మనుబోలు దగ్గర రోడ్డు మూస్తే ఎవరు ఎక్కడ ఇరుక్కుంటారో కంప్యూటరు ముందే చెప్పగలదా?

తుఫాన్ల నెలలు రాకముందే కథనం కావాలన్నారు సంపాదకుడు, గడువు శుక్రవారం. రద్దీని ముందే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ గురించి రాద్దామని మొదలుపెడితే ఒక పాత పట్టిక నన్ను పట్టేసింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో తెచ్చిన ఐఆర్‌సీ-64లోనిది అది. పల్లె రోడ్ల మీద తిరిగే ప్రతి బండినీ కార్ల లెక్కలోకి మారుస్తుంది. మోటారు సైకిలు అర కారు. ఆటో ఒకటి. లారీ, బస్సు మూడేసి. తొట్టి తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర. తోపుడుబండి కూడా లారీతో సమానంగా మూడే. ఎద్దుబండి ఎనిమిది, చిన్నదైతే ఆరు.

ఈ అంకెలు బరువును బట్టి వేసినవి కావు. బండి ఎంత రోడ్డు ఆక్రమిస్తుంది, వెనకవాళ్లను ఎంత నెమ్మదిగా నడిపిస్తుంది అన్నదే ఇక్కడి కొలత. అందుకే ఈ పట్టికంటే నాకిష్టం. మన రోడ్డును చూసి రాసిన లెక్క ఇది.

వరదల్లో ఈ లెక్క ఎందుకు కావాలో చూడండి. 2021 నవంబరులో పెన్నా నది పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. కోవూరు వైపు 16వ నంబరు జాతీయ రహదారి తెగింది. గూడూరు దగ్గర పంబలేరు వాగు రోడ్డెక్కింది. వాహనాలను పామూరు, దర్శి మీదుగా మళ్లించారు. గూడూరు, మనుబోలు మధ్య దారి మూతబడితే ఆ లారీలన్నీ సైదాపురం, పొదలకూరు వైపు పల్లె రోడ్ల మీదికే రావాలి. అవి కోతల రోజులైతే? వంద ధాన్యం ట్రాక్టర్లు అప్పటికే 450 కార్ల చోటు తీసుకుని ఉంటాయి. జాతీయ రహదారి మీద ఎన్ని లారీలున్నాయో తెలిస్తే చాలదు. అవి వెళ్లి పడే రోడ్డు మీద ఏముందో ఎవరైనా లెక్కపెట్టాలి.

ఇలా రద్దీని లెక్కగట్టే పద్ధతుల చరిత్ర క్లుప్తంగా: 1955లో లైట్‌హిల్, విథమ్ వాహనాలను నీటి ప్రవాహంలా లెక్కగట్టారు. 1992లో నాగెల్, ష్రెకెన్‌బర్గ్ రోడ్డును గళ్లుగా విడగొట్టి నాలుగే నియమాలతో బండ్లను నడిపించారు. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ తయారుచేసిన ‘సూమో’ సాఫ్ట్‌వేర్ 2001 నుంచి అందరికీ ఉచితం.

సూమోలో ప్రతి బండీ విడిగా కదులుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి మన రోడ్లు తెచ్చుకుని ఒక ముక్కను మూసేయవచ్చు. ఒకే వరుసలో రెండు మోటారు సైకిళ్లు పక్కపక్కన దూరే ఏర్పాటూ ఉంది. దారి మూసిన సంగతి డ్రైవరుకు ఎక్కడ తెలియాలో కూడా మనమే నిర్ణయించవచ్చు. నా దృష్టిలో అసలు ఉపయోగం ఇదే. మధ్యలో డివైడర్ ఉన్న రహదారిలో నీళ్ల దాకా వచ్చిన లారీ వెనక్కి తిరగలేదు. దాన్ని నాయుడుపేటలో ఆపాలా, గూడూరులోనా? రెండూ నడిపి చూసి, తేడా గంటల్లో చెప్పుకోవచ్చు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఏ బండైనా 300 సెకన్లు కదలకపోతే సూమో దాన్ని ఇరుకులోంచి తీసి ముందుకు పెట్టేస్తుంది. వద్దని మనం చెబితేనే ఆగుతుంది. వరదలో రాత్రంతా నిలిచే వరుసను లెక్కించాలంటే ముందు ఆ సదుపాయం తీసేయాలి. లేకపోతే తెర మీద రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది, ఆ అంకెను నమ్మి ఏ అధికారీ బారికేడ్ పెట్టకూడదు.

మూస్తే రద్దీ తగ్గిన చోట్లు

కొత్త రోడ్డు వేస్తే అందరి ప్రయాణం ఆలస్యం కావచ్చని 1968లో జర్మన్ గణితజ్ఞుడు బ్రేస్ చూపించాడు. 1990 ధరిత్రీ దినోత్సవం నాడు న్యూయార్క్‌లో 42వ వీధిని మూస్తే, భయపడినట్టు నగరం స్తంభించలేదు. సియోల్‌లో 2003లో చొంగ్గేచొన్ వాగు మీది ఎత్తైన రోడ్డునే కూల్చారు. అయితే 42వ వీధికి పక్కనే 41, 43 ఉన్నాయి. మనుబోలుకు అలాంటి పక్కదారులు లేవు, కాబట్టి ఈ ఉదాహరణలు ఇక్కడికి వర్తించవు.