పేరు రాసుకునే వారు

పటాన్‌చెరు ప్రాంతానికి పరదేశీయులు కొత్త కాదు. 1972లో ఇక్రిశాట్ పరిశోధనా కేంద్రం వెలసిన నాటి నుండి అనేక దేశాల శాస్త్రవేత్తలు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. ఉన్నత విద్యాసంస్థలు వచ్చాక విద్యార్థులూ రాసాగారు. వారి బాగోగులు చూడడానికి ప్రత్యేక కార్యాలయాలు ఉంటాయి. ఉస్మానియాలో విదేశీ సంబంధాల కార్యాలయం, కంది ఐఐటీలో అంతర్జాతీయ సంబంధాల విభాగం అలాంటివే. అసలు విదేశీ విద్యార్థులకు ఉపకార వేతనాలిచ్చే భారత సాంస్కృతిక సంబంధాల మండలిని 1950లో స్థాపించినది మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఆజాద్ గురించి అందరూ రాస్తారు. ఆ బల్లల వెనుక కూర్చున్న గుమాస్తాల గురించి రాసేవారే లేరు.

ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత సూడాన్ విద్యార్థి ఒకడు మా మదరసాకు వచ్చాడు. పాస్‌పోర్టులో అతని పేరు నాలుగు ముక్కలు: తనది, తండ్రిది, తాతది, ముత్తాతది. మార్కుల పత్రంలో మూడే ఉన్నాయి. ఫారమేమో ఇంటిపేరు అడుగుతోంది. 180 రోజులకు మించిన వీసాతో వచ్చిన విద్యార్థి 14 రోజులలో విదేశీయుల నమోదు అధికారి వద్ద పేరు నమోదు చేసుకోవాలి. గడువు దగ్గర పడుతోంది. అతనికి తోడుగా అతని విశ్వవిద్యాలయానికి వెళ్ళాము.

చిన్న గది, ఇద్దరు ఉద్యోగులు. అందులో ఒకామెది సదాశివపేట దగ్గరి పల్లె. "మౌల్వీ సాబ్, వీళ్ళకు ఇంటిపేరే ఉండదా?" అని అడిగింది. "ఉండదమ్మా, తండ్రి తాతల పేర్లే వీరికి ఇంటిపేరు" అన్నాము. ఆమె వెంటనే నోటుపుస్తకం తెరిచి రాసుకున్నది. అందులో ప్రతి విద్యార్థి పేరూ ఎలా పలకాలో తెలుగు లిపిలో ఉన్నది. ఒక పేజీలో రమజాను తేదీలు, సహరీ వేళకు హాస్టల్ వంటగదిలో ఎవరిని అడగాలో కూడా ఉన్నాయి. ఇవేవీ ఆమె ఉద్యోగ నియమాలలో లేవట.

అద్దె ఇళ్ళే పెద్ద కష్టమని చెప్పింది. విదేశీయుడు దిగితే ఆ సంగతి 24 గంటలలో అధికారులకు తెలపాలి. యజమానులు దానికి జంకుతారు. ఆమే వెళ్ళి వివరాలు నింపి ఇస్తుంది. అయితే కాగితాలే కారణమనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్లే. నల్లని ముఖం చూసి తలుపు మూసినవారు మన బస్తీలలోనూ ఉన్నారు. తమ బిడ్డలకు బిలాల్ అని పేరు పెట్టుకున్నవారూ వారిలో ఉన్నారు.

మదీనాలో దైవప్రవక్త (స) వలస వచ్చినవారిని స్థానికులతో ఒక్కొక్కరిగా జతపరిచారు. పర్షియా నుండి వచ్చిన సల్మాన్ (రజి)ను అబూ దర్దా (రజి)కు సోదరునిగా చేశారు. అతిథి మర్యాద ఉపన్యాసంగా మిగిలిపోకుండా, ఫలానా మనిషికి ఫలానా ఇల్లు అని తేల్చిన ఏర్పాటది. ఆ నోటుపుస్తకం చూస్తుంటే మాకు అదే గుర్తుకు వచ్చింది.

తిరిగి వస్తుంటే ఇంకొక ఆలోచన మనసును కలచివేసింది. విద్యార్థికి ఇంత రాతకోత ఉన్నది. మన కర్మాగారాలకు బీహారు నుండి, ఒడిశా నుండి వచ్చే కూలీకి ఏమున్నది? 2025 జూన్ 30న పాశమైలారం ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా మరణించారు. వారిలో పరరాష్ట్రాల వారు ఎందరో. దేహాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. తమవారి జాడ కోసం కుటుంబాలు రోజుల తరబడి తిరిగాయి.

సూడాన్ విద్యార్థి నమోదు గడువుకు రెండు రోజుల ముందే పూర్తయింది. తండ్రి తాతల పేర్లు ఇంటిపేరు గడిలో సర్దుకున్నాయి. మేమూ ఒక నోటుపుస్తకం కొన్నాము. ఇషా నమాజుకు వచ్చే కార్మికుల పేరు, ఊరు, ఇంటివారి ఫోన్ నంబరు రాసుకుంటున్నాము. మొదటి పేజీలో ఉన్నది ఒక ఒడిశా యువకుని పేరు. ఊరి పేరు చెప్పాడు గాని జిల్లా పేరు దగ్గర ఆగిపోయాడు. తమ్మునికి ఫోన్ చేసి అడిగి చెప్పాడు.